బాటసారి భోజనం

సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం దారుల నుండి వచ్చే బస్సులు తెల్లవారకముందే ఎల్.బి. నగర్ కూడలిలో ప్రయాణికులను దింపుతాయి. వారిలో పుస్తకాల సంచితో, తల్లి కట్టి ఇచ్చిన పచ్చడి సీసాతో దిగే యువతీయువకులు ఎందరో ఉంటారు. కళాశాల చదువు కోసమో, పోటీ పరీక్షల శిక్షణ కోసమో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీథులలో గది వెదుక్కొనడానికి వచ్చినవారు వారు. గది దొరకడం రెండు రోజులు ఆలస్యమైతే స్నేహితుని గదిలో తల దాచుకోవచ్చు. ఆకలి మాత్రం ఏ పూటకు ఆ పూటే తీరాలి. ‘ఇక్కడ ఎక్కడ తినాలి?’ అనే ప్రశ్నకు తెలుగువారు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు కల్పించుకొన్నారు. అన్నం కోసం వచ్చిన బాటసారిని గడప దగ్గర ఏమని అడిగారు అన్నదానిని బట్టి ఆ సమాధానాల తారతమ్యం తెలుస్తుంది.

‘కూడు’ అంటే అన్నం. పూటకు ఇంత అని సొమ్ము తీసుకొని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. పదిహేనవ శతాబ్ది నాటి ‘క్రీడాభిరామం’లో ఇటువంటి ఇంటి వర్ణన ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ వీథీరూపకాన్ని శ్రీనాథుని రచనగా భావించే పండితులూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులలో విహరిస్తూ పూటకూటి ఇంటి ప్రస్తావన తెస్తారు. ఆ ఇంటి భోజనంలో కప్పురభోగి అన్నం, కమ్మని గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు ఉన్నాయి. ఇంత భోజనానికీ వెల ఒక్క రూక! నేటి హోటలు గోడమీది పట్టికను చదివినట్లే ఉంటుంది ఆ పద్యం. అయితే ఒక విషయం గమనించదగినది. కవి ఇంటి యజమాని పేరు చెప్పాడు, వంటకాలు చెప్పాడు, వెల చెప్పాడు. ఆ గడపను ఎవరెవరు దాటవచ్చునో మాత్రం చెప్పలేదు. ఆ కాలపు శ్రోతకు అది చెప్పనక్కరలేని సంగతి.

ఆధునిక కాలానికి వస్తే పూటకూళ్ళ ఇంటిని తెలుగువారి మనసులలో నిలిపినది గురజాడ ‘కన్యాశుల్కం’. అందులోని పూటకూళ్ళమ్మ వితంతువు. మరో జీవనాధారం లేని స్త్రీకి ఆనాటి సమాజం మిగిల్చిన కొద్దిపాటి వృత్తులలో అది ఒకటి. గిరీశానికి అన్నం పెట్టినదీ ఆమే, అతని చేతిలో సొమ్ము పోగొట్టుకొన్నదీ ఆమే. నాటకం చూసి నవ్వుకొనేవారు ఈ సంగతిని అంతగా పట్టించుకోరు.

వెల తీసుకోకుండా పెట్టిన అన్నం కథ వేరు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వండి వడ్డిస్తాడు. వానకాలంలో వరుగులు, వడియాలతో వేడి అన్నం. ఎండకాలంలో గోరువెచ్చని అన్నం, చారు, మజ్జిగపులుసు, చెరకుపాలు. చలికాలంలో మిరియపుపొడి చల్లిన వేడివేడి కూరలు. బాటసారి ఎండలో వచ్చాడా, తడిసి వచ్చాడా అన్నది వంటయింటికి తెలియాలన్నమాట. ఇది కావ్యకల్పన అని కొట్టివేయడానికి వీలులేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి దాటి వచ్చిన బాటసారులకు జీవితాంతం వేళతో నిమిత్తం లేకుండా అన్నం పెట్టినది.

మైదానంలోని ఊరిలో ఒక గడప కాకపోతే మరొక గడప ఉంటుంది. కొండమీది ఊరిలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు అన్నీ కింది నుండి ఎక్కవలసినవే. అందుచేత అక్కడ తినే చోట్లు తక్కువగా, వాటి నియమాలు బలంగా ఉంటాయి. తెలుగువారికి ‘పర్వతం’ అనగానే స్ఫురించేది శ్రీశైలం. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమనే పేరుతోనే ఆ క్షేత్రాన్ని వర్ణించాడు. 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో శ్రీశైలం దర్శించి హైదరాబాదు మీదుగా సాగిపోయాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా మజిలీ ఊళ్ళలో అంగళ్ళున్నవా, మంచినీరున్నదా, పదార్థాలు దొరుకుతాయా అన్న వివరాలే. దేవుని వైభవం ఎంత శ్రద్ధగా వ్రాశాడో దుకాణాల సంగతీ అంత శ్రద్ధగా వ్రాశాడు. యాత్ర చేసినవాని గ్రంథం అట్లాగే ఉంటుంది.

నేడు హైదరాబాదు నుండి శ్రీశైలానికి ఇంచుమించు రెండువందల పది కిలోమీటర్ల బస్సు దారి. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగే ఈ దారిని మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు. అక్కడి నుండి దోమలపెంట చేరేవరకు వటవర్లపల్లి వంటి చిన్న ఊళ్ళు తప్ప అంతా అడవి. కనుక తెలిసినవారు మన్ననూరులోపే తిని అడవిలో ప్రవేశిస్తారు. అరకు, పాడేరు కొండలలో బొంగులో చికెన్ రుచి చూడగోరేవారి ప్రయాణం వేరు, అది వేడుక. శ్రీశైలం ఎక్కేవానిది అవసరం.

కొండమీద దేవస్థానం అన్నదానం ఉన్నది. వివిధ కులసంఘాలవారు కట్టించిన సత్రాలు కూడా ఉన్నాయి. పలు సత్రాల పేరు చదివితేనే ఎవరు కట్టించారో తెలిసిపోతుంది. దాతలు తమవారు కొండమీద ఆకలితో ఉండరాదని కట్టించారు. ఆ భావన మంచిదే. కానీ తన పేరిట ఏ సత్రమూ లేని బాటసారి ఎక్కడికి పోవాలి? సత్రపు గడప దగ్గర వినిపించే ‘మీరెవరు?’ అనే ప్రశ్న కొందరికి పలకరింపు, మరికొందరికి అడ్డుగోడ. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానం ఈ ప్రశ్నను తొలగించినది. 2011లో అక్కడ ప్రారంభించిన అన్నప్రసాద భవనానికి కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఒక్కొక్క శాలలో వేయిమంది చొప్పున బారులు తీరి కూర్చుంటారు. పక్కన కూర్చున్నది ఎవరో ఎవరూ అడగరు.

ఈ ప్రశ్న కొండలకే పరిమితం కాదు. పట్టణాలలో ఒకప్పుడు ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అని బోర్డు కట్టడం మామూలు. పల్లెటూరి టీ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు ఉంచి, తాగినవారిచేతనే కడిగించిన రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం సాగినది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలోకి ప్రవేశించడానికి కులం, మతం, జాతి, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ ఆటంకం ఉండరాదని శాసించినది. పౌరుల హక్కులను చెప్పే గ్రంథంలో హోటలు ప్రస్తావన ఎందుకని ఆశ్చర్యపోయేవారు ఉండవచ్చు. బయట నిలబడి గ్లాసు కడిగినవారికి అందులో ఆశ్చర్యమేమీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెస్సు విలువ ఈ నేపథ్యంలో తెలుస్తుంది. మెట్లెక్కి పోతే పొడవాటి బల్లలు, స్టీలు కంచాలు. కౌంటరు దగ్గర అడిగేది ఒక్కటే: ప్లేటు భోజనమా, ఫుల్ మీల్సా? తాత వేరే గ్లాసులో టీ తాగిన ఇంటి పిల్లవాడూ, ఆ హోటలు యజమాని మనుమడూ ఇక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే గిన్నెలోని సాంబారు పోసుకొంటారు. మెస్సు ఖర్చు భరించలేనివారు గదిలో అన్నం వండుకొని కర్రీ పాయింటు నుండి కూర తెచ్చుకొంటారు. నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం కూలీలతోపాటు ఎందరో విద్యార్థుల ఆకలి తీర్చినది. ఆ కేంద్రాలకు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మారినది.

సాయంత్రం వేళ ఈ వీథులలో మిర్చిబజ్జీల బాణళ్ళ చుట్టూ చేరేదీ ఈ విద్యార్థులే. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ జరిగిన జంట పేలుళ్ళలో ఒకటి మిర్చి దుకాణం దగ్గరే సంభవించినది. మృతులలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొంటున్న విద్యార్థులు కూడా ఉన్నారు. ఎక్కడో పల్లెలలో ఉన్న తల్లిదండ్రులకు తమ బిడ్డలు రోజూ ఎక్కడ తినేవారో ఆ రాత్రే తెలిసి ఉంటుంది.

డబ్బు మాత్రమే అడిగే గడపకు ఒక లోపమున్నది. డబ్బు లేనినాడు అది ఏమీ అడగదు. నెలాఖరున ఇంటి నుండి సొమ్ము రాక రాత్రి భోజనం మానుకొనే విద్యార్థులు ప్రతి వీథిలోనూ ఉంటారు. పెద్ద హోటలులో వారి లోటు ఎవరికీ తెలియదు. భార్యాభర్తలిద్దరే నడుపుకొనే చిన్న మెస్సులలో నెల కార్డుమీద పూటపూటకు గీత పెడతారు. ఖాళీగా మిగిలిన గడులు వారి కంటబడతాయి.

“నిన్న రాత్రి రాకపోతివి, పానం బాగలేదా బిడ్డా?” అని వడ్డించే ఆమె అడుగుతుంది.

“బాగనే ఉన్నదక్కా, ఆకలి కాలేదు” అంటాడు విద్యార్థి.

ఆమె ఆ మాటకు బదులు చెప్పదు. కంచంలో మరొక హస్తం అన్నం వేసి, పప్పు గిన్నె అతని ముందుకు జరిపి, పక్క బల్ల దగ్గరకు పోతుంది.