పడవకు ఏ బ్యాటరీ?

ప్రశ్న: మాది కాకినాడ. రాత్రంతా ఇంజిన్ ఆపి, లైట్లు, ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ వేసుకుని వేట చేస్తాం. తెల్లారేసరికి సెల్ఫ్ తిరగడం లేదు. లారీ బ్యాటరీ వాడుతున్నాం. ఏడాదిలో రెండు పోయాయి. ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టొచ్చా?

జవాబు: తప్పు బ్యాటరీది కాదు, దానికి అప్పగించిన పనిది. లారీ బ్యాటరీలో పలుచటి ప్లేట్లు ఎక్కువ. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజిన్ లేపడమే దాని పని. రాత్రంతా కొంచెం కొంచెంగా పిండితే ఆ ప్లేట్లు త్వరగా పాడవుతాయి. డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేట్లు మందం. బాగా దిగినా మళ్లీ లేస్తుంది.

రెండూ పెట్టుకోండి: సెల్ఫ్‌కు పాతరకమే, మిగతా వాటికి డీప్ సైకిల్. మధ్యలో ఐసొలేటర్ ఉంటే లైట్లు సెల్ఫ్ బ్యాటరీ జోలికి పోవు. మీ లోడు 5 ఆంపియర్లనుకుంటే, పది గంటలకు 50 ఆంపియర్ అవర్లు. సగానికి మించి దించకూడదు కాబట్టి 100 ఏహెచ్ కావాలి.

ఇన్వర్టర్ ట్యూబులర్ కూడా డీప్ సైకిల్ రకమే. కానీ అది కదలకుండా ఇంట్లో కూర్చునే సరుకు. అలల కుదుపుకు యాసిడ్ ఒలుకుతుంది. సముద్రపు నీరు సెల్‌లోకి దిగితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రమాదం. సీలు చేసిన ఏజీఎం రకం డీప్ సైకిల్ బ్యాటరీ ఖరీదెక్కువైనా నేనైతే అదే కొంటాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బ్యాటరీల తీగలు విప్పి, నెలకోసారి ఛార్జి పెట్టండి. 12.4 వోల్టుల కిందికి పోనివ్వకండి.