మన ఓటు రహస్యం, వారి ఓటు బహిరంగం



ఎన్నికల నాడు ఓటు వేసి, వ్రేలిపై సిరా గుర్తుతో ఇంటికి వస్తాము. ఆ తరువాత ఐదేళ్ళపాటు మన తరఫున ఓటు వేసేది మన శాసనసభ్యుడే. మన ఓటు రహస్యం. ఆయన ఓటు మాత్రం రహస్యం కాకూడదు. అయినా "ఫలానా బిల్లుపై మా ఎమ్మెల్యేగారు ఎటు ఓటు వేశారు?" అని అడిగితే మనలో ఎందరం జవాబు చెప్పగలం? ఇందులో మన అశ్రద్ధ కొంత ఉన్నది. సభలో ఓటు తీసుకునే పద్ధతి కూడా ఒక కారణమే. ఈ వారం ఆ పద్ధతిని తెలుసుకుందాం.

రెండు విధాల ఓటు

బిల్లుపై చర్చ ముగిసిన తరువాత సభాపతి దానిని సభ నిర్ణయానికి ఉంచుతారు. అనుకూలురు "అవును" అని, ప్రతికూలురు "కాదు" అని నోటితో చెబుతారు. ఏ పక్షం గొంతు ఎక్కువగా వినబడితే ఆ పక్షం గెలిచినట్లు సభాపతి ప్రకటిస్తారు. ఇది మూజువాణి ఓటు. పని త్వరగా అవుతుంది. వివాదం లేని బిల్లుకు ఇది చాలును. అయితే ఎవరు ఏమన్నదీ పేర్లతో నమోదు కాదు.

సభాపతి ప్రకటనను సభ్యులు ఒప్పుకొనకపోతే "డివిజన్" కోరవచ్చును. అప్పుడు ఓట్లను లెక్కిస్తారు. రెండు పక్షాలూ సమానంగా వస్తే తప్ప సభాపతి ఓటు వేయరు. ఇది రాజ్యాంగం 189వ అధికరణం చెప్పే నియమం.

మన సభలో రెండు సంఘటనలు

2014 జనవరి 30. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుపై అభిప్రాయం చెప్పవలసిందిగా రాష్ట్రపతి ఉమ్మడి రాష్ట్ర శాసనసభను కోరియున్నారు. ఆ బిల్లును తిరస్కరించాలని నాటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం తీవ్రమైన గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో నెగ్గింది. 3వ అధికరణం ప్రకారం సభ చెప్పేది అభిప్రాయం మాత్రమే. పార్లమెంటు దానికి కట్టుబడనక్కరలేదు. ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. అటువారికైనా ఇటువారికైనా అది ప్రాణప్రదమైన విషయం. అయినా ఆనాడు ఏ సభ్యుడు ఎటు నిలిచాడో పేరుపేరునా చూపే ఓట్ల పట్టిక మనకు మిగలలేదు.

2020 జనవరి 27. మూడు రాజధానులకు సంబంధించిన బిల్లును శాసనమండలి అధ్యక్షులు సెలెక్ట్ కమిటీకి పంపిన కొద్ది రోజులకే, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. ఈసారి గొంతులు చాలలేదు. 169వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యులలో సగానికి మించినవారు, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు అనుకూలంగా ఉండాలి. కనుక లెక్క తప్పనిసరి అయినది. అనుకూలం 133, వ్యతిరేకం సున్న. ప్రతిపక్షమైన తెలుగుదేశం సభ్యులు సభకు రాలేదు. కాబట్టి ఆ సున్నను చూసి వ్యతిరేకత లేదనుకుంటే పొరబాటే. ఓట్ల లెక్క చదివేటప్పుడు గైర్హాజరైనవారిని కూడా లెక్కించాలి. 2021 నవంబరులో ప్రభుత్వం ఆ తీర్మానాన్ని వెనుకకు తీసుకున్నది. మండలి నిలిచింది.

ఒక్క ఓటు విలువ

పేర్లతో ఓటు నమోదైతే ఏమి జరుగుతుందో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం చూపుతుంది. అక్కడ ఒకే సభ, 49 మంది సభ్యులు. 2015 మే 20న మరణశిక్ష రద్దు బిల్లు 32-15 ఓట్లతో నెగ్గింది. ఆ రాష్ట్రపు కతోలిక పీఠాధిపతులు రద్దును సమర్థించారు. గవర్నరు పీట్ రికెట్స్ కూడా కతోలికుడే. అయినా మే 26న బిల్లును తిరస్కరించారు. ఆ తిరస్కారాన్ని దాటడానికి 30 ఓట్లు కావాలి. మరునాడు సరిగ్గా 30 వచ్చాయి, వ్యతిరేకంగా 19. అందులో ఒక్కరు తప్పుకున్నా బిల్లు పడిపోయేది.

కథ అక్కడ ముగియలేదు. 2016 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, ఓటర్లే మరణశిక్షను తిరిగి తెచ్చారు. 2018 ఆగస్టులో అక్కడ ఒక ఖైదీకి ఆ శిక్ష అమలు కూడా అయినది. సభలో గెలిచినది ప్రజల మనస్సులో గెలవకపోతే నిలవదని దీనివలన గ్రహించాలి.

విప్ అనే కట్టు

మన సభ్యునికి ఒక ఇబ్బంది ఉన్నదని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ముందు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజులలోగా మన్నించకపోతే సభ్యత్వం పోవచ్చును. డబ్బుకు అమ్ముడుపోవడాన్ని ఆపడానికి వచ్చిన ఆ కట్టు, అంతరాత్మ ప్రకారం ఓటు వేయదలచినవారిని కూడా కట్టివేస్తున్నది. కనుక ఓటును మాత్రమే గాక, చర్చలో మన సభ్యుడు ఏమి మాట్లాడారో, ఏ సవరణ కోరారో కూడా చూడాలి. మాట్లాడడానికి ఆయనకు అవకాశం ఉన్నది. ఆ అవకాశాన్ని వాడుకున్నారా అని అడిగే హక్కు మనకున్నది.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. గత సమావేశాలలో మీ సభ్యుడు ఏ బిల్లుపై మాట్లాడారు?
2. ముఖ్యమైన బిల్లులన్నింటికీ పేర్లతో ఓటు తీసుకోవాలా? దానివలన మేలేమిటి, కీడేమిటి?
3. ఈసారి ఆయన మీ ఊరికి వచ్చినపుడు రోడ్డు, నీళ్ళతోపాటు ఏ ఓటును గురించి అడుగుతారు?