బండి లాగకపోతే ఏం చూడాలి? - ఇంజను విప్పే ముందు

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమన్నారు. మనలో చాలామంది ఇళ్లలో ఆటో, ట్రాక్టరు, పడవ, రొయ్యల గుంట మీద ఇంజను ఏదో ఒకటి ఉంటుంది. సొంతది కాకపోయినా దాన్ని నడిపే నాయనో, అన్నో ఉంటాడు. అందుకే ఇంజను బలం తగ్గినప్పుడు ఏం చూడాలో రాస్తున్నాం.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఎమ్మెస్సీ ఫిజిక్సు వరకు చదివామంటే, అది మా నాయన బాడుగకు తిప్పే పాత డీజిల్ కారు పుణ్యమే. మేము పీజీలో చేరిన ఏడు ఆ కారు లాగడం మానేసింది. ఖాళీగా ఉంటే పోయేది. నలుగురు ఎక్కితే వంతెన మీదికి సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కేది. ఒక షెడ్డులో చూపిస్తే శబ్దం విని, "బోరు పోయింది, ఇంజను దించాలి" అన్నారు. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి 38 వేలు కట్టాం. ఇంజను దించారు, ఎక్కించారు. బండి మళ్లీ అదే వంతెన దగ్గర అలాగే మూలిగింది.

తర్వాత ఒక పెద్దాయన, పాత మెకానిక్కు, సైలెన్సరు వైపు చూసి, "పొగే రావడం లేదు కదయ్యా, దానికి డీజిల్ అందడం లేదు" అన్నాడు. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మర విప్పి గాజు సీసాలోకి పట్టాడు. సీసాలో సగం నీళ్లే! గుంటల దగ్గర క్యాన్లలో పెట్టిన డీజిల్ పోసుకున్న ఫలితం అది. ట్యాంకు కడిగి, కొత్త ఫిల్టరు వేస్తే వెయ్యి రూపాయల్లో పని అయిపోయింది. పరీక్షలో డీజిల్ ఇంజను గురించి మార్కులు తెచ్చుకున్న మేము కూడా ఆ షెడ్డులో ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ బాధతోనే ఈ వ్యాసం.

ఇంజనుకు బలం ఎక్కడిది?

సైకిలుకు గాలి కొడితే పంపు అడుగున వేడెక్కుతుంది కదా! డీజిల్ ఇంజనులో జరిగేది అదే. గాలిని సుమారు 20వ వంతుకు నొక్కితే అది బాగా వేడెక్కి, చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో దీన్ని విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో అయితే ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. ఏదైనా కావలసినవి ఐదు: గాలి, ఇంధనం, ఒత్తిడి, సరైన సమయం, పొగ బయటికి పోయే దారి. వీటిలో ఒకటి తగ్గినా బలం తగ్గుతుంది.

పొగ ఏం చెబుతుంది?

నల్ల పొగ: గాలి చాలడం లేదు, లేదా ఇంధనం ఎక్కువవుతోంది.
నీలి పొగ: ఇంజను ఆయిలు మండుతోంది.
వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ: డీజిల్ సరిగా మండడం లేదు, లేదా రేడియేటరు నీరు లోపలికి పోతోంది.
పాత డీజిల్ బండి బరువు మీద కూడా పొగ లేకుండా లాగకపోతే: ఇంధనం అందడం లేదేమో చూడాలి.

ఈ వరుసలో చూడండి

1. తప్పు ఇంజనుదేనా? కొంత దూరం నడిపి ఆపి, చక్రాల దగ్గరికి చేయి పెట్టి చూడండి, తాకవద్దు. ఒక్క చక్రమే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసినట్టు. ఉప్పుగాలికి తుప్పు పట్టే మన తీరంలో ఇది మామూలే. ఇంజను అరుస్తూ వేగం పెరగకపోతే క్లచ్చు జారుతోంది. టైర్లలో గాలి కూడా చూడండి.

2. గాలి. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం 10 వేల లీటర్ల గాలి కావాలి. ఇసుక దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగవద్దు, మార్చండి. టర్బో ఉన్న బండికి గాలి గొట్టాలు పగిలాయేమో చూడండి.

3. ఇంధనం. ఫిల్టరు అడుగున నీళ్లు తీయండి. ఫిల్టరు మార్చాక హ్యాండ్ పంపుతో లైనులో గాలి పోగొట్టండి. ఇంజను ఆపి, యాక్సిలరేటరు చివరిదాకా తొక్కించి, కేబులు అవతలి కొస కూడా చివరిదాకా కదులుతోందా చూడండి.

4. పొగ దారి. సైలెన్సరు మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు.

5. ఒత్తిడి. ఇది ఆఖరున. కంప్రెషన్ గేజీ పెట్టి ప్రతి సిలిండరూ కొలవమనండి. పాత డీజిల్ కార్లలో ఇది సుమారు 400 పీఎస్ఐ ఉంటుంది. ఖచ్చితమైన అంకె బండి మాన్యువల్లో చూడాలి. అన్నీ ఆ అంకెకు దగ్గరగా, ఇంచుమించు సమానంగా ఉంటే బోరు పని అక్కరలేదు. తక్కువ వస్తేనే వాల్వులు, రింగులు, గాస్కెట్టు సంగతి.

వరద నీళ్లు ఇంజనులోకి పోయిన బండికి సెల్ఫ్ కొట్టవద్దు. గాలిలాగా నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. 2015, 2021 నవంబరు వరదలు చూసిన జిల్లా మనది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

కొత్త బండ్లలో ఇంజను లైటు వెలిగితే స్కానరు పెట్టి కోడు చదివించండి. కోడు ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది మార్చాలో చెప్పదు. "సెన్సారు పోయింది" అంటే దానికి పోయే వైరు, గొట్టం చూశారా అని అడగండి.

చివరగా ఒక మాట

మెకానిక్కులు మనకు శత్రువులు కారు. మా కారును బాగుచేసిందీ ఒక మెకానిక్కే. అయితే "ఏ పరీక్ష చేసి చెప్పావన్నా?" అని మర్యాదగా అడగడం మన హక్కు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయన పక్కన నిలబడి ఆ ఒక్క ప్రశ్న అడగండి. అమ్మ కమ్మలు విడిపించడానికి మాకు 14 నెలలు పట్టింది. మీ ఇంట్లో ఆ అవసరం రాకూడదని కోరుకుంటూ సెలవు.