మతిమరుపు జబ్బు – ఇంట్లో రెండో రోగి

వయసు పెరిగేకొద్దీ పేర్లు, వస్తువులు మరచిపోవడం సహజం. కానీ అన్నం తిన్న సంగతి, ఇంటి దారి, కన్నబిడ్డ ముఖం కూడా గుర్తులేకపోతే అది జబ్బు. దీనిని డిమెన్షియా అంటారు. మన పల్లెల్లో చాదస్తమని వదిలేస్తాం. ఇందులో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ రకాన్ని 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదట వివరించాడు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బతుకుతున్నారు.

రెండో రోగి ఎవరు?

రోగిని చూసుకునేవారే. ఈ సేవకు పట్టే గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారి కష్టాలు నాలుగు రకాలు.

1. నిద్ర: పొద్దుగూకేసరికి చాలామంది రోగులకు కంగారు పెరుగుతుంది. రాత్రి లేచి బయటికి వెళ్లిపోతారు. మన తీరంలో ఊళ్ల పక్కనే రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ ఉన్నాయి. ఇక చూసుకునేవారికి కునుకెక్కడిది?

2. నింద: "నాకు కూడు పెట్టలేదు" అని అవ్వ వీధిలో చెబుతుంది. మాట పడేది కోడలు.

3. కూలి: చేపల గంప ఎత్తే తల్లి, నాట్లకు పోయే తల్లి ఇంట్లో ఉండిపోతే ఆ రోజు సంపాదన లేనట్టే.

4. చదువు: తల్లి పనికి పోవాలంటే అవ్వ దగ్గర ఎవరో ఉండాలి. ఆ వంతు ఆడపిల్లకు పడుతుంది. సంక్రాంతి సెలవులకు పోయిన చెల్లెలు మళ్లీ హాస్టల్‌కు రాదు. ఈ నష్టం ఏ ఆసుపత్రి చీటీలోనూ రాయరు.

మనం చేయదగినవి

* ముందు డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్, బి12 విటమిన్ లోపాల వల్ల వచ్చిన మతిమరుపు మందులతో తగ్గవచ్చు. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు.
* రోగితో వాదించకూడదు. "ఇప్పుడే తిన్నావు గదా" అనేకంటే రెండు ముద్దలు పెట్టి మాట మార్చడం మేలు.
* ఇరుగుపొరుగుకు జబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. దారి తప్పితే ఇంటికి చేరుస్తారు, కోడలికి నింద తప్పుతుంది.
* కొడుకులు, మనవళ్లు కూడా వంతులు వేసుకోవాలి. అవ్వకు అన్నం తినిపించడం మగవారికి చిన్నతనం కాదు.
* వృద్ధుల సమస్యలకు 14567, చూసుకునేవారి మనోవేదనకు 14416 ఉచిత ఫోన్ నంబర్లు.

తమ్ముళ్లారా! ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు రాత్రి కాపలా మీరు తీసుకోండి. అమ్మను నిద్రపోనివ్వండి. బడి తెరిచిన రోజే చెల్లెలు హాస్టల్‌కు చేరేట్టు చూడండి. చదువుకున్నవారు ఇంటికి చేయగల మొదటి మేలు ఇదే.