కంటి సూది తరువాత కనిపించే నల్ల బుడగ



చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారిలో కొందరికి కంటి వెనుక భాగాన ఉండే రెటీనా పొరలో నీరు చేరి చూపు మసకబారుతుంది. దీనికి మందును కంటిగుడ్డులోనికే సూదితో ఎక్కిస్తున్నారు. 2006లో వృద్ధాప్యపు రెటీనా జబ్బుకు అమెరికాలో అనుమతి పొందిన రానిబిజుమాబ్ వంటి మందులే ఇవి. తొలుత సాధారణంగా నెలకొక సూది, తరువాత డాక్టరు చెప్పిన గడువులో మరికొన్ని ఉంటాయి. ఒకటి రెండింటితో మానివేస్తే నీరు మళ్లీ చేరవచ్చును, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును. అయినా మానేవారున్నారు. సూది తరువాత కంటికి కనిపించే వింతలకు బెదరడమే అందుకు ఒక కారణం.

ముఖ్యమైనది నల్ల బుడగ. చూపులో అడుగున గుండ్రంగా, తల కదిపితే కదులుతూ ఉంటుంది. సూది ముక్క విరిగి లోపల ఉండిపోయిందని కొందరనుకొంటారు. అది మందుతోపాటు పోయిన చిన్న గాలి బుడగ. పాల సీసాలో వలెనే కంటిలోనూ బుడగ పైకే తేలుతుంది. కాని రెటీనాపై బొమ్మ తలక్రిందులుగా పడుతుంది గనుక మనకు క్రిందనున్నట్లు తోస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులలో కరిగిపోతుంది. సిరంజి లోపలి సిలికాన్ నూనె బిందువు చేరితే మాత్రం ఆ చుక్క నెలల తరబడి ఉండవచ్చును. దానితో సర్దుకొనవలసినదే.

ఈగల వలె తేలే మచ్చలు కొద్దిరోజులలో తగ్గుతాయి. తెల్లగుడ్డుపై రక్తపు మరక చూడడానికి భయంకరమే గాని, వారం రెండు వారాలలో పోతుంది. కంటిని శుభ్రపరచే అయోడిన్ మందు వలన ఆ రాత్రి ఇసుక పడినట్లు గరగరలాడుతుంది.

నొప్పి తగ్గక రోజురోజుకు హెచ్చడం, చూపు పడిపోవడం, ఎరుపు ముదరడం, వెలుతురు చూడలేకపోవడం మాత్రం వేరు సంగతి. అది లోపల చీము పట్టుట కావచ్చును. కొన్ని వేల సూదులకు ఒకసారి వచ్చేదే అయినా గంటలతో పని. మెరుపులు మెరిసినా, తెర దించినట్లు ఒక ప్రక్క చూపు మూసుకొనిపోయినా, మచ్చలు ఒక్కసారిగా గుంపుగా వచ్చినా సరే, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సంత రోజు దాకా ఆగరాదు. ఆముదము గాని, చనుబాలు గాని కంటిలో వేయరాదు. పాలమ్ముకొని బ్రతికే మనము ఈ మాట చెప్పవలసి రావడం విడ్డూరమే, అయినా చెప్పక తప్పదు.

సూది వేయించుకొన్ననాడు సైకిలు, మోటారు సైకిలు నడపరాదు. కొద్దిరోజులు కన్ను నలపరాదు, మురికి నీరు తగలనీయరాదు. తవుడు కలుపుట, చొప్ప కోయుట, పేడ ఎత్తుట, గేదెలను కడుగుట ఇంటిలో మరొకరు చూడవలెను.

పాల పరీక్షకుడే సూది వేయించుకొన్నచో చూపు తేటపడే వరకు బ్యూటిరోమీటరు గీతను, యంత్రము అంకెను వేరొకరు చదివి రిజిస్టరులో వ్రాసి సంతకము చేయవలెను. కార్యదర్శులు ఈ ఏర్పాటును ముందుగానే చేసుకొని, అతని తదుపరి సూది తేదీని కూడ గుర్తు పెట్టుకొని ఆ రోజు సెలవు ఈయవలెను.