సంతకమును నమ్ముటెట్లు?

హైటెక్ సిటీలో కార్యాలయములుండిన సత్యం కంప్యూటర్స్ లెక్కలలో, లేని 5,040 కోట్ల రూపాయల నిల్వను చూపితిమని అధ్యక్షులు రామలింగరాజు 2009 జనవరి 7న ఒప్పుకొనిరి. నకిలీ డిపాజిట్ రశీదులు ఆ మోసమునకు తోడ్పడినవి. అంత పెద్ద సంస్థలోనే ఇట్లు జరిగినప్పుడు మన పంచాయతీ తీర్మాన పుస్తకము మాటేమి?

దొంగ సంతకమును నిపుణులు ఎట్లు గుర్తింతురో మనము తెలిసికొనవలెను. చూచి వ్రాసిన గీత తరచు నెమ్మదిగా సాగి వణకును. కలము ఆగరాని చోట ఆగును. ఏటవాలు వెలుగులో చెరిపిన చోటు బయటపడును. కంటికి ఒకటిగా తోచు సిరాలు పరారుణ కాంతిలో వేరుగా కనిపింపవచ్చును.

అయితే పోల్చి చూచుటకు ఆ వ్యక్తి ఆ కాలముననే సహజముగా చేసిన సంతకములు కావలెను. నకలు ప్రతిలో కలము ఒత్తిడి సరిగా తెలియదు. అసలు పత్రమే ముఖ్యము.

కావున సభ్యులారా! పాత రిజిస్టర్లను కాపాడుదము. అనుమానాస్పదమైన కాగితమును మడవక, దానిపై ఏమియు వ్రాయక, కవరులో భద్రపరచి అధికారులకు అప్పగింతము.