మంచు మీదికి ప్రయాణం: ఏది కొందాం, ఏది అద్దెకు తీసుకుందాం?

పిల్లలూ! తెలుగులో 'మంచు' చాలా పనులు చేసే మాట. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చేలను కమ్ముకునేది మంచు. గడ్డి కొసన మెరిసే బిందువు మంచు. ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలి మోకాళ్ళ లోతు పేరుకునేదీ మంచే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి చలికాలంలో ఎంత వణికించినా, పేరుకున్న మంచు మీద జారే స్కీయింగ్ ఆటకు మనం హిమాలయాలకే వెళ్ళాలి. మాట ఒకటే అయినా, ఈ రెండు మంచులకూ కావలసిన సామాను వేరు.

మన అమ్మానాన్నల్లో చాలామందికి ఎల్‌టీసీ ఉంటుంది. ఏదో ఒక ఏడాది "ఈసారి మంచు చూద్దాం" అన్న మాట ఇంట్లో వస్తుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఏమేం కొనాలి? దీనికి మనం గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. ఒంటిని తాకేది సొంతం, మంచును తాకేది అద్దె.

ఎందుకీ సూత్రం?

మనం బదిలీల పిల్లలం. ఈ ఏడు జమ్మూ అయితే వచ్చే ఏడు చెన్నై కావచ్చు. స్కీలు, స్కీ బూట్లు కొంటే ఒక సీజను వాడతాం. మరుసటి ఏడాదికి పాదం పెరుగుతుంది, ఊరు మారుతుంది, బరువు మాత్రం సామాను లారీలో మన వెంటే తిరుగుతుంది. గుల్మార్గ్‌లోనూ ఔలీలోనూ స్కీలు, కర్రలు, బూట్లు, పై కోటు అద్దెకు దొరుకుతాయి. లోపలి ఉన్ని బట్టలు, మేజోళ్ళు అలా కాదు. అవి మన కొలతకు సరిపోవాలి, శుభ్రంగా ఉండాలి, తర్వాత ఏ చలి ఊరికి బదిలీ అయినా పనికి రావాలి. చేతి తొడుగులు ఒంటినీ తాకుతాయి, మంచునూ తాకుతాయి. అద్దెకిచ్చేవి తడిసి ఉండవచ్చు కాబట్టి వాటినీ సొంతంగానే ఉంచుకుందాం.

మూడు పొరలు

చలికి ఒకే లావుపాటి స్వెట్టరు కన్నా మూడు పలుచని పొరలు మేలు. పొరల మధ్య చిక్కుకున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది.

మొదటి పొర ఒంటికి అంటుకుని ఉండే థర్మల్స్. ఇవి ఉన్నివో సింథటిక్‌వో కావాలి, నూలువి కాకూడదు. మన ఎండలకు నూలు ఎంత మంచిదో మంచులో అంత చెడ్డది. అది చెమటను పీల్చుకుని త్వరగా ఆరదు. గాలితో పోలిస్తే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే తడి బట్టలో ఉన్నవాడు పొడి బట్టలో ఉన్నవాడికంటే చాలా ముందుగా చల్లబడిపోతాడు. జీన్స్ ప్యాంటు కూడా నూలే! మంచులో నాలుగుసార్లు పడితే చాలు, అది తడిసి బిగుసుకుపోతుంది.

రెండో పొర ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టరు. మూడోది గాలినీ నీటినీ లోపలికి రానివ్వని కోటు, ప్యాంటు. ఈ మూడోదాన్ని అద్దెకు తీసుకోవచ్చు. చెమట పడుతోందనిపిస్తే ఒక పొర తీసెయ్యాలి, ఆగి కూర్చున్నప్పుడు మళ్ళీ వేసుకోవాలి.

బూటులో ఒక్క జతే

చలి అని రెండు జతల మేజోళ్ళు వేసుకోవాలనిపిస్తుంది. స్కీ బూటులో అది తప్పు. బూటు బిగుసుకుంటే రక్తం సరిగా పారదు, పాదం ఇంకా చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే ఉన్ని మేజోళ్ళు ఒక్క జత చాలు. రెండో జత బ్యాగులో పొడిగా ఉంచుకుందాం.

అద్దె బూటు తొడిగాక రెండు పరీక్షలు చేయాలి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడను కొద్దిగా తాకాలి. మోకాళ్ళు ముందుకు వంచితే వేళ్ళు వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. స్కీ బూట్ల కొలత పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది. కాబట్టి ఇంట్లోనే గోడకు మడమ ఆనించి, స్కేలుతో కొలిచి రాసుకుని వెళ్దాం. కొత్తగా నేర్చుకునేవారికి స్కీ పొడవు గడ్డానికీ ముక్కుకూ మధ్య ఉంటే సరిపోతుంది. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడివచ్చేలా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని మన బరువును బట్టి సరిచేయమని దుకాణంలో అడగాలి. హెల్మెట్ లేకుండా దిగకూడదు. అద్దె గంటకా, రోజుకా అన్నది ముందే తేల్చుకోవాలి.

మంచులో ఎండ

చలిలో ఎండ దెబ్బ ఏమిటని అనుకోవద్దు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా పైకి తిప్పికొడుతుంది. అంటే ఎండ మనకు తల మీదనుంచీ వస్తుంది, కాళ్ళ కిందనుంచీ వస్తుంది. గాగుల్స్ లేకపోతే ఆ సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. ముఖానికి, గడ్డం కిందికి కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

దారి సంగతి

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీనగర్ నుంచి టాంగ్‌మార్గ్ మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. టాంగ్‌మార్గ్ దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మంచు కురిస్తే చక్రాలకు గొలుసులు కట్టిన స్థానిక బండ్లే ఎక్కగలవు. 2025 జూన్‌లో కట్రా-శ్రీనగర్ వందేభారత్ రైలు మొదలైంది. అది చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున ఉన్న వంతెన దాటుతుంది. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకోవలసిన చోటు అదే! గుల్మార్గ్ నుంచి గండోలా అనే తీగమార్గం కొంగ్‌డోరికి, అక్కడినుంచి అఫర్వత్ కొండకు సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. గాలి బలంగా వీస్తే దాన్ని ఆపేస్తారు. కాబట్టి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. మొదటిసారి నేర్చుకునేవారికి కింది మైదానమే చాలు.

ఔలి ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉంది. ఋషీకేశ్ నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ మీదుగా జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. పగటిపూటే ప్రయాణించాలి. జోషీమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగినప్పుడు ఔలి రోప్‌వేను ఆపేశారు. అందుకని రోడ్డునే నమ్ముకుని బయలుదేరాలి.

డిసెంబరు చివరి సెలవుల్లో మంచు తప్పక ఉంటుందని చెప్పలేం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బాగా ఉంటుంది. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజుల తీవ్రమైన చలికాలాన్ని 'చిల్లై కలాన్' అంటారు.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీరులో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. విమానంలో పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సామాను: నోరు

కొత్త బడిలో మొదటి వారం నోరు విప్పకుండా కూర్చోవడం మనలో చాలామందికి అలవాటు. దాహం వేసినా, దారి తెలియకపోయినా అడగం. ఎవరైనా నవ్వుతారేమోనని ఊరుకుంటాం. తరగతి గదిలో ఆ మౌనం వల్ల పెద్దగా నష్టం లేదు. మంచు మీద మాత్రం ఉంది.

వేలి కొస తెల్లబడి, గిల్లినా తెలియకపోతే వెంటనే చెప్పాలి. లోపలికి వెళ్ళి, ఆ చేతిని చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. మంచుతో రుద్దకూడదు. మంట దగ్గర పెట్టకూడదు, ఎందుకంటే మొద్దుబారిన వేలికి కాలుతున్న సంగతి తెలియదు. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

సుమారు 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలవుతాయి. దీనికీ బలానికీ సంబంధం లేదు, ఆటల్లో మొదటి బహుమతి వచ్చినవాడికీ రావచ్చు. చెప్పాలి, ఆగాలి, ఇంకా పైకి ఎక్కకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. శ్రీనగర్‌లోనో జోషీమఠ్‌లోనో ఒక రాత్రి ఆగి వెళ్తే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది.

రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులన్నీ మూసుకుని పడుకోకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెద్దలు మరిచిపోయినా మనం గుర్తుచేద్దాం.

జారేటప్పుడు మనకన్నా ముందు, కిందివైపున ఉన్నవారిదే దారి. వారికి వెనక కళ్ళు ఉండవు కాబట్టి తప్పుకోవలసింది మనమే.

ఇవి చేద్దాం

1. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. గుల్మార్గ్‌లో సున్నా డిగ్రీలు ఉంటే అఫర్వత్ మీద 3,950 మీటర్ల వద్ద సుమారు ఎంత ఉండవచ్చు?

2. ఇంట్లో ఉన్న చలి బట్టలు బయటపెట్టి 'సొంతం', 'కొనాలి', 'అద్దె' అని మూడు వరుసల్లో జాబితా రాయండి. వాటిలో నూలువి ఎన్ని?

3. మంచు, పొగమంచు, మంచుగడ్డ, వడగళ్ళు, హిమం. ఈ మాటల్ని సొంత వాక్యాల్లో వాడండి. మీ పక్క బెంచీలోని స్నేహితుల భాషలో వీటిని ఏమంటారో అడిగి రాసుకోండి. అడగడం అలవాటు కావడానికి అది మంచి మొదలు.